నిప్పుకొండ నీడలో వెయ్యేళ్లు



సోలాపూరు, నాందేడు, బీదరు వైపు నుంచి ఈ ప్రసంగం వింటున్నవారు ఒక్కసారి మీ పొలం మట్టిని తలచుకోండి. వానపడితే కాలికి అంటుకొని వదలదు. ఎండాకాలం అరచేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ నల్లరేగడికి ఆ నలుపు ఎక్కడిది? సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి పగుళ్లు విచ్చి, కరిగిన రాయి పొరమీద పొరగా దక్కనులో పరచుకున్నది. అది చల్లారి నల్లరాయి అయింది. రాయి చివికి మట్టి అయింది. యానాం శ్రోతలకూ ఇది దూరపు సంగతి కాదు. రాజమండ్రి దగ్గర కాతేరు క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా ఆ దక్కను లావాయేనని, పురాతన నదీలోయల వెంట అంతదూరం పారి వచ్చిందని శాస్త్రజ్ఞులు పలువురు భావిస్తున్నారు.

అంటే మనలో చాలామందిమి అగ్ని చల్లారిన నేలమీద అన్నం తింటున్నవాళ్లమే. మన అదృష్టం, ఆ అగ్ని ఎన్నడో ఆరిపోయింది. ఆరని అగ్నిమీద సాగు చేసుకుంటూ, గుడులు కట్టుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు చేసుకుంటూ వెయ్యేళ్లకు పైగా బతుకుతున్నవారు ఇండోనేషియాలోని జావా ద్వీపంలో ఉన్నారు. వారి కొండ పేరు మెరాపి. ఈనాటి ప్రసంగంలో ఆ కొండ కథ మీకు మనవి చేస్తాను.

మెరాపి మధ్య జావాలో, యోగ్యకర్త నగరానికి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎత్తు 2,900 మీటర్లకు కాస్త పైన. అక్కడి భాషలో అపి అంటే నిప్పు. పేరులోని మొదటి భాగం మన మేరువేనని కొందరు చెబుతారు. జావా తూర్పు భాగాన ఉన్న మరో అగ్నిపర్వతం సెమెరు పేరయితే మన సుమేరువు పేరేననడంలో సందేహం లేదు. పురాణాల్లో మనం విన్న కొండల పేర్లను జావా ప్రజలు తమ నిప్పుకొండలకు పెట్టుకున్నారన్నమాట. సుమత్రాలో మరాపి అనే మరో అగ్నిపర్వతం ఉంది. 2023 డిసెంబరులో అది పేలి ఇరవైమందికి పైగా పర్వతారోహకులు చనిపోయారు. వార్తల్లో ఈ రెండు పేర్లూ కలగాపులగం అవుతుంటాయి. మన కథ జావాలోని మెరాపిది.

అసలు అక్కడ నిప్పు ఎందుకు పుట్టింది? భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పగిలిన పెంకుల్లాంటి పెద్ద పలకలుగా ఉంటుంది. జావాకు దక్షిణాన సముద్రం అడుగునున్న పలకను ఇండో-ఆస్ట్రేలియా పలక అంటారు. పేరులోనే మన దేశం ఉంది చూడండి. ఆ పలక ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల చొప్పున, మన చేతిగోళ్లు పెరిగేదానికన్నా ఎక్కువ వేగంతో, జావా కిందికి దూరుతున్నది. దూరుతూ దూరుతూ సముద్రపు నీటిని తన రాళ్లలో ఇముడ్చుకొని లోపలికి తీసుకుపోతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతున ఆ నీరు ఆవిరై పైనున్న వేడిరాతిలోకి ఎక్కుతుంది. నీరు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ కరిగిన రాయి పైకి దారి వెతుక్కుంటుంది. జావా పొడవునా అగ్నిపర్వతాలు వరుసకట్టి నిలబడటానికి కారణం ఇదే.

దక్కను లావాకూ మెరాపి లావాకూ ఉన్న తేడా మన వంటింట్లో తెలుస్తుంది. రాగిజావ పోస్తే పళ్లెమంతా పరచుకుంటుంది. రాగిసంకటి పెడితే ముద్దగా అక్కడే కూర్చుంటుంది. దక్కను లావా జావ వంటిది. కనుకనే కొండగా లేవక మైదానంలా పరచుకున్నది. మెరాపి లావా సంకటి వంటిది. అందులో సిలికా పాలు ఎక్కువ. చల్లారితే ఆండెసైట్ జాతి బూడిదరంగు రాయి అవుతుంది. అది గొంతులోంచి మెల్లగా పైకివచ్చి, శిఖరం మీద గుమ్మటంలా పేరుకుంటుంది. ఒకసారి లావా, ఒకసారి బూడిద, మరొకసారి రాళ్లకుప్ప, ఇలా పొరమీద పొర పడి కొండ నిటారుగా పెరుగుతుంది. ఇటువంటి పొరల కొండలను స్ట్రాటోవాల్కనో అంటారు. మెరాపి అందుకు చక్కని ఉదాహరణ.

శిఖరం మీది గుమ్మటం ఎంతకాలమని నిలుస్తుంది? కిందనుంచి కొత్త ముద్ద తోస్తుంటే అంచులు కూలుతాయి. కూలిన ముద్దలు లోపల ఇంకా ఎర్రగానే ఉంటాయి. అవి పగిలి పొడిపొడి అయి, వేడివాయువుతో కలిసి, వందల డిగ్రీల వేడితో, గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో లోయల వెంట దూకుతాయి. దూరంనుంచి చూస్తే ఉబ్బెత్తుగా, ఉంగరాలు తిరిగిన బొచ్చులా దొర్లుతూ వస్తుంది ఆ మబ్బు. అందుకే అక్కడి పల్లెవారు దానిని వెదుస్ గెంబెల్ అంటారు. అంటే జడలుకట్టిన గొర్రె అని. కొండవాలున గొర్రెలు కాసుకునేవారు పెట్టిన పేరు అది. ఈ నిప్పుమబ్బుకు ఎదురుపడిన మనిషికి పరుగెత్తే వ్యవధి ఉండదు.

రెండో ప్రమాదం వానతో వస్తుంది. వాలుమీద పడివున్న బూడిదా, రాళ్లూ వాననీటితో కలిసి తడి సిమెంటులా నదుల్లో పరుగెడతాయి. ఇళ్లంత బండలను కూడా మోసుకుపోతాయి. జావా ప్రజలు దీనిని లహార్ అంటారు. ఇవాళ ప్రపంచంలోని శాస్త్రగ్రంథాలన్నీ ఈ జావా మాటనే వాడుతున్నాయి.

ఇంత ప్రమాదమైతే అక్కడ ఎందుకుండాలి, లేచి పోరాదా అని మీరు అడగవచ్చు. మెరాపి వాలుల మీదా, దాని పాదాల దగ్గరా పది లక్షలకు పైగా జనం ఉన్నారు. కొండ విసిరిన బూడిద కొన్నేళ్లకు చివికి సారవంతమైన మట్టి అవుతుంది. కొండ పట్టిన మబ్బు వానై కురుస్తుంది. వరి ఏడాదికి రెండు మూడు పంటలు పండుతుంది. పైవాలుల మీద కూరగాయలు, పాడి. లహార్ తెచ్చి పోసిన ఇసుక, రాయి పట్నాల్లో ఇళ్లకు పోతాయి. తీసుకున్న కొండే ఇస్తుంది. గోదావరి వరదకు భయపడుతూనే ఒండ్రుమట్టిని నమ్ముకున్న లంకల రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక చరిత్రలోకి వెళ్దాం. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో మెరాపి చుట్టుపక్కల మతారం అనే రాజ్యం వర్ధిల్లింది. బోరోబుదూర్ మహాస్తూపం, ప్రంబనన్‌లోని బ్రహ్మ విష్ణు మహేశ్వరుల ఆలయాలు ఆ కాలానివే. ఆ కట్టడాల రాయి ఎక్కడిదనుకున్నారు? అగ్నిపర్వతం పుట్టించి, నదులు మోసుకొచ్చిన ఆండెసైట్ రాయే. బోరోబుదూర్‌కు అటువంటి రాళ్లు ఇరవై లక్షల దాకా పట్టాయని అంచనా. కొండ ఇచ్చిన రాయితో గుడి కట్టారు. కొన్ని గుళ్లను ఆ కొండే తిరిగి తీసుకుంది. 1966లో యోగ్యకర్త దగ్గర సంబిసారి గ్రామంలో ఒక రైతు పొలం తవ్వుతుంటే పలుగుకు చెక్కడపు రాయి తగిలింది. పురావస్తుశాఖవారు తవ్వగా నేలకు సుమారు ఆరున్నర మీటర్ల లోతున శివాలయం బయటపడింది. గర్భగుడిలో లింగం ఉంది. దానిని కప్పినది మెరాపి నుంచి వచ్చిన బూడిదా, ఇసుకా, రాళ్లూ. ఇప్పుడు ఆ గుడికి వెళ్లేవారు మెట్లబావిలోకి దిగినట్టు కిందికి దిగాలి.

పదో శతాబ్దంలో, సుమారు 929 నాటికి, మతారం రాజులు మధ్య జావాను విడిచి తూర్పు జావాకు తరలిపోయారు. ఎందుకు పోయారన్నది పెద్ద ప్రశ్న. ఇక్కడ కథలోకి మన కలకత్తా వస్తుంది. 1811 నుంచి 1816 దాకా జావా ఇంగ్లీషువారి చేతిలో ఉండేది. అక్కడి పాలకుడు రాఫెల్స్, పుచంగన్ అనే చోటి శాసనం ఒకదానిని కలకత్తాలోని గవర్నర్ జనరల్ మింటో ప్రభువుకు పంపించాడు. అది ఇండియన్ మ్యూజియానికి చేరింది. పండితులు దానిని కలకత్తా శిల అనే పిలుస్తారు. 1041 నాటి ఆ శాసనం ఒకవైపు సంస్కృతంలోనూ, మరొకవైపు ప్రాచీన జావా భాషలోనూ ఉంది. జావాకు ఒకానొక ఏట ప్రళయం వచ్చిందని, రాజధాని నాశనమైందని, ఐర్లంగ అనే పదహారేళ్ల రాకుమారుడు అడవికి పారిపోయి బతికాడని అందులో ఉంది. అక్కడ వాడిన మాట మనకు తెలిసిన ప్రళయమే.

మొదట పండితులు ఆ ఏడును శకం 928గా చదివారు. అంటే క్రీస్తుశకం 1006. దీనిని పట్టుకొని, 1006లో మెరాపి భయంకరంగా పేలి, పడమటి పక్క జారిపోయి, మతారం రాజ్యాన్ని బూడిదలో ముంచిందని ఒక సిద్ధాంతం పుట్టింది. డచ్చి భూగర్భ శాస్త్రజ్ఞుడు వాన్ బెమ్మెలెన్ 1949లో వెలువరించిన ఇండోనేషియా భూగర్భ గ్రంథంతో దీనికి ప్రసిద్ధి వచ్చింది. వినడానికి బాగుంది. కాని నిలబడలేదు. తర్వాతివారు ఆ అంకెలను సరిచూసి అది 1016-17 ప్రాంతమని తేల్చారు. శాసనంలోని ప్రళయం కొండ చేసినది కాదు, వురవరి అనే రాజు దండెత్తివచ్చి చేసినదని వాక్యమే చెబుతున్నది. పైగా అప్పటికే రాజధాని తూర్పుకు తరలి నూరేళ్ల దరిదాపు అయింది.

మరి కొండ ఏమీ చేయలేదా? చేసింది. కాని ఒక్క దెబ్బతో కాదు. శాస్త్రజ్ఞులు వాలుల్లో గోతులు తీసి, బూడిద పొరల మధ్య చిక్కిన బొగ్గుముక్కల వయసు కట్టారు. 2000లో ప్రచురించిన ఆ పరిశోధనలో తేలినది ఏమంటే, ఒక్క మహాప్రళయం కనపడదు గాని, వేల ఏళ్లుగా పెద్ద పెద్ద పేలుళ్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో మనుషులు చూసిన మెరాపి అసలు మెరాపికన్నా నెమ్మదైనది. ఆ నెమ్మదిని శాశ్వతమనుకోవద్దు, అంతకన్నా పెద్దవి మళ్లీ రావచ్చునని వారు హెచ్చరించారు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

రాతల్లోకెక్కిన చరిత్ర 1548 నుంచి మొదలవుతుంది. అప్పటినుంచి అరవైకి పైగా విస్ఫోటనలు నమోదయ్యాయి. వాటిలో 1872 ఏప్రిల్‌లో వచ్చినది చాలా పెద్దది. 1919లో తూర్పు జావాలోని కెలుద్ అగ్నిపర్వతం పేలి లహార్లలో 5,000 మందికి పైగా కొట్టుకుపోయారు. దానితో మేలుకొని డచ్చి ప్రభుత్వం 1920లో అగ్నిపర్వతాల పరిశీలనకు ప్రత్యేక శాఖ పెట్టింది. అయినా 1930 డిసెంబరులో మెరాపి పడమటి వాలున నిప్పుమబ్బు దిగి సుమారు 1,370 మందిని బలిగొన్నది. 1994 నవంబరు 22న శిఖరం మీది గుమ్మటం దక్షిణపు పక్కకు కూలింది. ఆనాడు తుర్గో గ్రామంలో ఒక ఇంట పెళ్లి. పెళ్లివారూ, చుట్టాలూ నిప్పుమబ్బులో చిక్కారు. మొత్తం అరవైమందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. యోగ్యకర్తలో ఇప్పటికీ సుల్తాను ఉన్నాడు. ఉత్తరాన మెరాపి, నడుమ తన కోట, దక్షిణాన సముద్రం, ఈ మూడింటికీ బంధముందని ఆ సంస్థానపు నమ్మిక. సుల్తాను పట్టాభిషేకపు తిథికి ఏటా కొండకు వస్త్రాలూ, కానుకలూ పంపుతారు. ఆ ఉత్సవం లబుహాన్. కానుకలు కొండకు చేర్చే అధికారిని జురు కుంచి అంటారు, అంటే తాళంచెవి కాపరి. 1980ల నుంచి ఆ పదవి మరిజాన్ అనే ఆయనది. ఊరంతా మ్బా మరిజాన్, అంటే మరిజాన్ తాత, అని పిలిచేవారు. ఆయన ఊరు దక్షిణపు వాలునున్న కినహ్రెజో.

2006లో కొండ కదిలింది. ఊళ్లు ఖాళీ చేయమని ప్రభుత్వం చెప్పింది. తాత కదలలేదు. ఆ ఏడు జూన్ 14న నిప్పుమబ్బు కలియాడెం వైపు దిగింది, రక్షణగదిలో తలదాచుకున్న ఇద్దరు అక్కడే చనిపోయారు. కినహ్రెజోకు మాత్రం ఏమీ కాలేదు. తాత పేరు దేశమంతా మోగిపోయింది. టెలివిజన్ ప్రకటనల్లో కూడా కనిపించాడు. ఆయనకు కొండ రహస్యం తెలుసునని ఎందరో నమ్మారు.

2010 సెప్టెంబరులో మళ్లీ సూచనలు మొదలయ్యాయి. భూకంపలేఖినులు రోజూ ఎక్కువ అదురులు గీశాయి. శిఖరపు వాలు బయటికి ఉబ్బింది. ఈసారి తీరు వేరుగా ఉన్నదని యోగ్యకర్త పరిశీలన కేంద్రంవారూ, దేశపు అగ్నిపర్వత శాఖ అధిపతి సురోనో గ్రహించారు. అక్టోబరు 25న ప్రమాదస్థాయిని అత్యున్నతమైన నాలుగుకు పెంచి, పది కిలోమీటర్ల లోపువారిని దిగిపొమ్మన్నారు. తాత వయసు 83. తన పదవి ధర్మం కొండను విడవకపోవడమేనని ఆయన అనుకున్నాడు. మరునాడు 26 సాయంత్రం కొండ పేలింది. నిప్పుమబ్బు నేరుగా కినహ్రెజో మీదికి దిగింది. తాతతోపాటు ముప్పైమందికి పైగా చనిపోయారు. ఆయనను నచ్చజెప్పి కిందికి తీసుకొద్దామని వెళ్లినవారు కూడా వారిలో ఉన్నారు.

అది ఆరంభం మాత్రమే. ఉపగ్రహాల రాడార్ చిత్రాల్లో శిఖరం మీద కొత్త గుమ్మటం మునుపెన్నడూ చూడనంత వేగంగా పెరగడం కనిపించింది. నవంబరు 3న ఖాళీ చేయవలసిన హద్దును 15 కిలోమీటర్లకు, 5వ తేదీ అర్ధరాత్రి 20 కిలోమీటర్లకు పెంచారు. ఆ రాత్రే అన్నిటికన్నా పెద్ద పేలుడు. గెండోల్ నది వెంట నిప్పుమబ్బు 15 కిలోమీటర్లు దాటి వచ్చింది. బోరోబుదూర్ బుద్ధవిగ్రహాలన్నీ బూడిద కప్పుకున్నాయి. సుమారు నాలుగు లక్షలమంది శిబిరాలకు చేరారు. చనిపోయినవారు 350కి పైగా. 1872 తర్వాత మెరాపి ఇంతగా పేలడం ఇదే. హెచ్చరిక లేకుంటే మరో పది నుంచి ఇరవై వేలమంది పోయేవారని శాస్త్రజ్ఞులు తర్వాత లెక్కగట్టారు. గోతులు తీసి పొరలు చదివినవారి మాట పదేళ్లకే నిజమయింది.

శ్రోతలారా, మరిజాన్ తాత మూర్ఖుడని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. ఆయనకు కొండ తెలుసు. కాని ఆయనకు తెలిసినది ఎనభైమూడేళ్ల కొండ. 1872ను చూసినవారెవరూ 2010 నాటికి మిగిలిలేరు. పొరల్లో ఉన్నది వేల ఏళ్ల కొండ. మనిషి జ్ఞాపకం ఒక్క ఆయుష్షుకు సరిపోతుంది, దాని అవతల ఉన్నది మట్టినీ రాయినీ అడిగే తెలుసుకోవాలి. 2006లో ఏమీ కాలేదన్న అనుభవమే 2010లో ప్రాణాంతకమయింది.

ఈ మాట మనకూ తగులుతుంది. పోయిన తుఫానుకు మా వాకిట్లోకి నీళ్లు రాలేదు, ఈసారీ రావు అనే మాట యానాంలోనూ, బరంపురం వైపు పల్లెల్లోనూ మనం వినలేదా? 1999 ఒడిశా పెనుతుఫానులో దాదాపు పదివేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ముందుగానే పది లక్షలమందికి పైగా జనాన్ని తరలించారు. మృతులు పదుల్లోనే ఆగారు. ఆనాడు ఇల్లు విడిచి పాఠశాలల్లో రాత్రి గడిపినవారు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. ఏమీ కాకుండా తిరిగివచ్చి, అనవసరంగా తిప్పారని విసుక్కున్నవారూ ఉండవచ్చు. ఆ విసుగు ఖరీదెంతో కినహ్రెజో చెబుతున్నది.

మెరాపి నిద్రపోలేదు. 2018లో శిఖరాన మళ్లీ గుమ్మటం పుట్టింది. 2020 నవంబరులో ప్రమాదస్థాయిని మూడుకు పెంచారు. 2023 మార్చిలో బూడిద మళ్లీ ఊళ్లమీద కురిసింది. తాత పదవిని సంస్థానంవారు ఆయన కుమారుడికి అప్పగించారు. ఏటా కానుకలు కొండకు వెళ్తూనే ఉన్నాయి. పరిశీలన కేంద్రంలో సూదులు రాత్రింబగళ్లు గీస్తూనే ఉన్నాయి. అక్కడివారికి ఆ రెండూ కావాలి. దండం పెట్టడం కొండతో బంధుత్వం. దిగి రమ్మన్నప్పుడు దిగడం పిల్లల పట్ల బాధ్యత.

రేపు మీ పొలంలో నల్లరేగడిని చేతిలోకి తీసుకున్నప్పుడు, ఈ మట్టి ఒకనాడు నిప్పు అని ఒక్క క్షణం తలచుకోండి. ఆ నిప్పు ఇంకా ఆరనిచోట మనవంటి రైతులే నాట్లు వేస్తున్నారని కూడా తలచుకోండి.